పాస్‌పోర్ట్ లేని శనివారం, ముట్టుకోని రియోహా

అక్టోబరు 18, శనివారం. పొద్దున్నే ఫోన్ తెరవగానే మొదటి షాక్. ఆహార రచన క్లాసులో నేనిచ్చిన పేజీని ప్రొఫెసర్ తిప్పి పంపారు. "ఇది సీసా వెనక లేబుల్ మీద ఉన్నదే కదా? నువ్వు తాగి, తిని, నీ మాటల్లో రాయి. రేపు సాయంత్రంలోగా రాకపోతే ఈ కోర్సు మళ్లీ చేయాలి." మళ్లీ చేయడమంటే డిసెంబరులో రావాల్సిన డిగ్రీ మే నెలకు పోతుంది. తప్పు నాదే. రియోహా అనే స్పెయిన్ ఎర్ర వైన్ గురించి, చుక్క కూడా నోట్లో వేసుకోకుండా, "గంభీరం", "సొగసు" అంటూ ఆరు విశేషణాలు పేర్చాను. ఈమధ్యే మాటల పిచ్చి పట్టినవాణ్ణి, ఆపుకోలేకపోయాను.

మా న్యూజెర్సీలోనే ఉన్న న్యూఆర్క్ ఊళ్లో, ఐరన్‌బౌండ్ పేటలో స్పానిష్ హోటళ్లు వరసగా ఉంటాయని విని, నా రూమ్మేట్ సుధీర్‌ని బతిమాలాను. వాడిది వరంగల్. శనివారం మందూ మాంసమూ ముట్టడు. తాగని డ్రైవర్ దొరికాడని సంబరపడ్డాను. పదకొండింటికి మేముండే ప్లెయిన్స్‌బరోలో బయల్దేరితే రూట్ వన్ మీద ట్రాఫిక్‌తో గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పార్కింగ్ కోసం అదే వీధి చుట్టూ ఇంకో పాతిక నిమిషాలు తిరిగాం.

తీరా ఒక హోటల్లో కూర్చుంటే, వైన్ పోయాలంటే ఇరవై ఒకటి నిండినట్టు చూపించాలని వడ్డించే పెద్దావిడ ఐడీ అడిగింది. యూనివర్సిటీ కార్డు ఇచ్చాను, తల అడ్డంగా ఊపింది. అంచులు ఊడిన భీమవరం లైసెన్స్ ఇచ్చాను, అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చింది. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో చూపించాను. "ఫొటో చెల్లదు హనీ. ఒరిజినల్ కావాలి." ఒరిజినల్ మంచం కింద, సూట్‌కేస్‌లో, నంబర్ తాళం వెనక ఉంది. ఇక్కడ చదువుకునే మనవాళ్లలో చాలామంది పాస్‌పోర్టులు ఉండేది అక్కడే. పోతే ఇంతే సంగతులని ఇంట్లోవాళ్లు భయపెట్టి పంపుతారు.

న్యూజెర్సీ లైసెన్స్ ఉన్నది సుధీర్‌కి.

"ఒక్క గుక్కరా, పుక్కిలించి ఉమ్మెయ్," అన్నాను.

"ఉమ్మితే శనివారం కాకుండ పోతదా? నేను తాగ."

చివరికి గ్లాసు వాడి పేరున వచ్చింది. "ఇది ఇతని ముందే ఉండాలి. నీ చెయ్యి అటు పోయిందా, తీసేస్తాను," అని ఆవిడ నన్ను హెచ్చరించింది. సుధీర్ గ్లాసులో ముక్కు పెట్టాడు.

"చెర్రీ పండు. కేక్‌ల వేస్తరు చూడు, వెనిల్లా, అది. ఎనకనుంచి కొత్త చెప్పుల డబ్బా."

"చెప్పుల డబ్బా అని రాయమంటావా?"

"వాసన అట్లనే ఉంటే నేనేం జెయ్యాలె?"

ఆవిడ నవ్వింది. "లెదర్. కరెక్టే చెప్పాడు. వెనిల్లా, వైన్ నిలవబెట్టే ఓక్ పీపాల్లోంచి వస్తుంది. ఆ పీపాల చెక్క చాలావరకు ఈ అమెరికాదే." నా ఆరు విశేషణాలూ ఆ చెప్పుల డబ్బా ముందు దిగదుడుపే. ఒళ్లు మండింది.

నాకు నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం చాప్స్, పక్కన గొర్రెపాల చీజ్ వచ్చాయి. ఆవిడ చెప్పిన ప్రకారం, ఈ వైన్‌లో ఉండే వగరు మాంసం కొవ్వును కోస్తుందట. బాగా కారంగా ఉన్న కూరతో అయితే నోరు ఇంకా మండుతుందట. వెల్లుల్లి అంటిన ముక్క నమిలాను. కొవ్వు నాలుకంతా పరుచుకుంది. దాన్ని కోసేది ఎదురుగా, రెండు జానల దూరంలో, ఎర్రగా మెరుస్తోంది. నేను మంచినీళ్లు తాగాను. కొవ్వు కదల్లేదు.

"ఆ వగరు ఎలా ఉంటుంది? పిందె జామకాయలాగా? చిక్కటి టీలాగా?" అని ఆవిణ్ణి అడిగాను.

"నన్నడుగుతావేం? నీ నోటిని అడుగు."

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. చాప్స్ గురించి వచ్చింది, చెప్పుల డబ్బా కూడా ఎక్కింది. వగరు దగ్గర చోటు ఖాళీగా ఉంది. జామకాయ అని రాసేస్తే ప్రొఫెసర్ నమ్మేస్తారు. కానీ అదీ లేబుల్ చూసి రాసినట్టే. సూట్‌కేస్ మీద, శనివారం మీద, అన్నిటికన్నా నామీద నాకు ఇంకా చిరాకుగానే ఉంది. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అమెరికా లైసెన్స్ లేకపోతే ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని, కారు ఇంట్లో వదిలి, రైలెక్కండి. ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి న్యూఆర్క్ పెన్ స్టేషన్‌కి గంటలోపే. అక్కణ్ణుంచి నడిచి వెళ్లిపోవచ్చు.

ఆ హోటల్ రేపు పన్నెండింటికి తెరుస్తారు. మేం పదిన్నరకల్లా స్టేషన్‌లో ఉంటాం. ఆదివారం కాబట్టి సుధీర్ కూడా తాగుతానన్నాడు. పాస్‌పోర్ట్ ఇప్పటికే నా బూటులో పెట్టాను. ముందు ఒక గుక్క, తర్వాత ఒక ముక్క, మళ్లీ గుక్క. మాట ఆ తర్వాతే.