అవ్వ కొంగు చాటున

బందోబస్తు రోజున మా ఆడ కానిస్టేబుళ్ళం ఎవరమూ పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టం. ఎవరి పాయింటులో వాళ్ళు నిలబడాలి, కాన్వాయ్ పోయేదాకా కదలకూడదు, బాత్రూం మాటే ఎత్తకూడదు. దాహాన్ని ఎలాగో ఓర్చుకుంటాం. నెలసరిని ఆపుకోలేం కదా!

ఆ రోజు మంత్రిగారు వస్తున్నారు. నాకు రాయపురంలో చేపల మార్కెట్టు మలుపులో పాయింటు పడింది. ముందు రోడ్డు ఖాళీ చేయించాలి. పేవ్‌మెంటు మీద చేపలు పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ ఎంతకీ లేవదు. "ఈ మోకాళ్ళతో ఎట్ట లేసేది తల్లీ" అని తెలుగులో గొణుక్కుంటోంది. మా ఇంట్లో మాట్లాడేదీ ఆ తెలుగే. అయినా అర్థం కానట్టు, డ్యూటీలో మాట్లాడే తమిళంలోనే అరిచాను, లాఠీతో బుట్ట మీద కొట్టాను. నా నోరే అంత. ఖాకీ వేసుకున్నాక ఇంకా పెరిగింది. అవ్వ బుట్ట ఎత్తుకుని పక్కనున్న సందు మొదట్లోకి పోయి నిలబడింది.

కాసేపటికే నాకు తెలిసిపోయింది. వారం ముందే వచ్చేసింది. ఒంటి మీద ఖాకీ ప్యాంటు, ఎదురుగా టీకొట్టు నిండా మగవాళ్ళు. గోడకు వీపు ఆనించి అలాగే ఉండిపోయాను. అంతలో ఇన్‌స్పెక్టరుగారు జీపులోంచి కేకేశారు: "గోడకు అతుక్కుని డ్యూటీ ఏంటి? రోడ్డు అంచుకు రా!" అంత నోరూ ఎక్కడికి పోయిందో, ఆయనకు ఒక్క ముక్క చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. "ఛీ, నా ఖర్మ" అని మాత్రం పైకి వచ్చేసింది, తెలుగులోనే.

సందు మొదట్లో అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. బుట్ట అక్కడే వదిలేసి కుంటుకుంటూ వచ్చి, "అయ్యో, నా గుండె!" అంటూ నా మీద వాలిపోయింది. నేను నిజంగానే హడలిపోయాను. ఆమె మాత్రం నా చెవిలో చిన్నగా అంది: "నన్ను పట్టుకోని ఇంటికి తోడుకుపో. ఆడ గుడ్డ ఇస్తా. నా కొంగు నీ ఎనకాల కప్పతా, ఎవురికీ కనపడదులే."

"ఆ ముసలామెను తీసుకుపో, ఊరికే చూస్తావేం!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారే.

సందులో ఆమెది ఒకటే గది. ఉతికిన పాత చీర చింపి ఇచ్చింది. ప్యాంటు తడిపి మరకను తనే రుద్దింది. "అవ్వా, పొద్దున నేను..." అన్నాను. "గమ్మునుండు, నీ మంత్రి వచ్చే టైమయింది" అంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

మర్నాడు రోల్‌కాల్‌లో ఇన్‌స్పెక్టరుగారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. రోడ్డు మీద పడిపోయిన ముసలామెను ఎలా ఆదుకుందో చూడండి, జనంతో అలా మెలగాలి అన్నారు. సెల్యూట్ కొట్టాను. ఇంకేం చేయను? చెంపలు మండిపోయాయి.

సాయంత్రం యూనిఫాంలోనే మలుపు దగ్గరికి పోయాను, అవ్వకు క్షమించమని చెప్పుకుందామని. ఆమె వంగి చేపల మీద నీళ్ళు చల్లుతోంది. ముందు నా బూట్లు కనబడినట్టున్నాయి. తల కూడా ఎత్తలేదు. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, "పోతా ఉండానయ్యా, పోతా ఉండా" అని బుట్ట ఎత్తబోయింది.