లేని క్లచ్

తిరుపతిలో టీ కొట్టు దగ్గర స్నేహితులు చేరితే, కార్ల మీద వాదనకు మా మేనమామే పెద్ద. "గేర్లు అదే మార్చుకుంటే, బ్రేకులు కంప్యూటరే చూసుకుంటే, ఇంక ఆడ నేనెందుకప్పా?" అనేవాడు.

అరవై దాటాక ఎడమ మోకాలు దెబ్బతిని క్లచ్ తొక్కలేకపోయాడు. ఏడాదిపాటు ఇల్లు కదల్లేదు. చివరికి అత్త పట్టుబట్టి, అప్పుడప్పుడే వస్తున్న ఆటోమేటిక్ కారు కొనిపించింది. మొదటిరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మూతి ముడుచుకునే పుత్తూరు రోడ్డెక్కాడు. ఎడమ పాదం లేని క్లచ్ కోసం వెతుకుతూనే ఉంది. వడమాలపేట వచ్చేసరికి కూనిరాగం మొదలైంది. చూస్తుండగానే పుత్తూరు కూడా దాటేశాం.

"ఇంటికి పోదాం మామా, అత్త ఎదురుసూస్తా ఉంటాది" అన్నాను.

మామ కారు వేగం పెంచాడు. "సూడనీలేరా. నేనింకా రాలేదని ఎవురన్నా ఎదురుసూసి ఏడాదైంది."