ఎడమవైపు వెనక తలుపు

మొన్న మా వియ్యంకుడు కొత్త కారు కొంటూ తోడు రమ్మంటే విజయవాడలో ఒక షోరూముకి వెళ్ళాను. ఆయన కాగితాల మీద సంతకాలు పెడుతున్నంతసేపూ నాకు పనేమీ లేక, బల్ల మీద అలంకారానికి పెట్టిన జానెడు నల్ల కారు బొమ్మని చేతిలోకి తీసుకుని, వేలికొసతో దాని తలుపు మీద అటూ ఇటూ రాస్తూ కూర్చున్నాను. గోరు ఎక్కడా ఆగలేదు. గీత లేదు, నలక లేదు, కుంచె జాడ లేదు. ఏదో మిషను క్షణంలో పూసి పారేసిన ఆ నునుపు కోసం మా బావ ఒక మామిడి కాపు నుంచి మరో కాపు దాకా ఎంత అవస్థ పడ్డాడో గుర్తొచ్చి, బొమ్మని నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాను.

బావంటే మా అక్కయ్య భర్త. ఎనభైలలో విస్సన్నపేట దగ్గర పెద్ద మామిడి తోటలున్న ఒక రైతు దగ్గర కారు డ్రైవరు. ఆ రైతుని ఊరంతా పెద్దాయన అనేది, మేమూ అలాగే అనేవాళ్ళం. నేనప్పుడు నూజివీడులో ఒక దినపత్రికకి విలేకరిని. మామిడి ధరలూ, పూతకి పట్టిన తేనెమంచు పురుగూ, బస్సు ప్రమాదాలూ రాసుకుంటూ ఆదివారం ఆదివారం అక్కయ్య ఇంట్లో భోజనం చేసేవాణ్ణి. మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా ఒక నల్ల అంబాసిడరు ఉందంటే అది ఎవరిదో ఒక్కటే కాదు, దాన్ని తుడిచేదెవరో కూడా చుట్టుపక్కల అందరికీ తెలిసేది. బావ తుడిచి నిలబెట్టిన కారు తలుపుల్లో తమ నీడ చూసుకుని పిచ్చుకలు వేరే పిచ్చుకలనుకుని ముక్కులతో పొడుస్తూ ఉండేవి. వాటిని తోలడం కూడా తన ఉద్యోగంలో భాగమేనని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

పెద్దాయనకి నీటికాసులొచ్చి చూపు పూర్తిగా పోయింది. ఇక కారెందుకని ఇంట్లోవాళ్ళు అమ్మకానికి పెట్టారు. కొనడానికొచ్చిన బేరగాడు ధర దింపడానికి అలవాటుగా ఆడే అబద్ధమొకటి ఆడాడు. ఎడమవైపు వెనక తలుపుని వేళ్ళతో తట్టి, ఇక్కడేదో గట్టి దెబ్బ తగిలితే లప్పం కూరి పైన రంగేసి దాచారండీ అన్నాడు. అలాంటిదేమీ లేదు. ఆ తలుపుని నేనెన్నిసార్లో చూశాను. కానీ కళ్ళు లేని మనిషి చెవులతోనే చూడాలి కదా, పెద్దాయన ఆ మాటే చూశాడు.

"నాకు కనపడదని దాచావంట్రా?" అని బావని అడిగాడట. తర్వాత ఎవరు డ్రైవరు కావాలని వచ్చి బావ సంగతి అడిగినా, పని తెలిసినవాడే గానీ దాచే రకం అని చెప్పేవాడు. పెద్దాయన అబద్ధం ఆడడని అందరికీ నమ్మకం, ఆయనకీ నమ్మకమే. నూజివీడు నుంచి విస్సన్నపేట దాకా ఒక్కరు కూడా బావ చేతికి స్టీరింగు ఇవ్వలేదు. మామిడి మండీలో కాయల బుట్టల్లో గడ్డి పరిచే పనికి కుదిరాడు. విలేకరినని నాకు నలుగురూ తెలుసు గానీ, ఇది పేపర్లో వేసే సంగతీ కాదు, పోలీసులకి చెప్పే సంగతీ కాదు.

అప్పుడు పుట్టింది బావకా ఆలోచన. కళ్ళు పోతేనేం, వేళ్ళున్నాయి కదా, అదే కారుని చెక్కతో చేసి, అదే నునుపు తెచ్చి పెద్దాయన చేతిలో పెడితే, ఇలాంటి పనితనం ఉన్నవాడు తలుపుకి లప్పం పులిమి దాస్తాడా అని ఆయనే అనుకుంటాడని. మీకూ నాకూ ఇది పిచ్చిగా తోచవచ్చు. తన మాట చెల్లని మనిషికి అలాంటి దారులే తోస్తాయి.

కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొణికి చెక్క తెచ్చాడు. నూజివీడు బస్టాండులో ఆగిన అంబాసిడరు టాక్సీని దర్జీ టేపుతో కొలిచి, ఆ కొలతలన్నిటినీ ఒకే లెక్కన కుదించి, మూరెడు కారు చెక్కాడు. అంతవరకూ బాగానే జరిగింది. రంగు దగ్గరే వచ్చింది చిక్కంతా. పొణికి దూదిలాంటిది, ఎంత రంగేసినా తాగేస్తుంది. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి మెత్తి ఆ దాహం తీర్చాడు. కుంచెతో వేస్తే గీతలు పడ్డాయి. గీతలు పోయేలా వేసేసరికి మామిడి పూత కాలం వచ్చి, రంగు ఆరేలోగా తేనెమంచు పురుగులు వచ్చి వాలి అతుక్కుపోయాయి. గీకేసి మళ్ళీ మొదలు. కుంచె వద్దని, తోటలో మందు కొట్టే చిన్న చేతిపంపు తెచ్చి కుంకుడు రసంతో పదే పదే కడిగి దానిలో రంగు పోసి కొట్టాడు. ఎంత కడిగినా మందులోని జిడ్డు పోలేదు కాబోలు, రంగు పడ్డచోటల్లా వెనక్కి జరిగి గుంటలు గుంటలుగా, అమ్మవారు పోసిన మొహంలా తేలింది. మా మామిడి నేల మనిషి తప్ప ఇంకొకడెవడూ ఆ పొరపాటు చెయ్యడు.

రంగు మీద దుమ్ము పడకుండా అక్కయ్య నీళ్ళు కాచుకునే గంగాళాన్ని దాని మీద బోర్లించి, గాలి ఆడడానికి కింద రాళ్ళు పెట్టేవాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నీ అక్కకి స్నానానికి వేణ్ణీళ్ళు లేవు గానీ మీ బావ కారుకి ఇత్తడి గరాజు ఉందిరా" అనేది అక్కయ్య, అన్నం వడ్డిస్తూ.

"ఆ గంగాళం జోలికి మాత్రం వెళ్ళకే, పైపొర ఇంకా పచ్చిగా ఉంది" అనేవాడు ఆయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

చివరికి నూజివీడులో లారీలకి రంగులేసే షెడ్డు మేస్త్రీని బతిమాలాడు. వాళ్ళు భోజనాలకి వెళ్ళిన వేళ రంగు చిమ్మే గాలిమిషను వాడుకోనిచ్చారు. నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచి, రంగుని నీళ్ళలా పల్చన చేసి, మంచు పడ్డట్టు ఒక పొర వెయ్యడం, ఇంటికి తెచ్చి ఆరనివ్వడం, తడిపిన ఉప్పుకాగితంతో అరిగినదాన్నే ఇంకా అరగదీస్తూ రుద్దడం, మళ్ళీ మోసుకెళ్ళి ఇంకో పొర. తొందరపడ్డ రోజున రంగు కన్నీటి చుక్కలా కిందికి జారేది, ఆ పొర మొత్తం పోయేది. ఆఖరి పొర ఆరాక పాత పంచె ముక్కతో వారాల తరబడి పాలిష్ పట్టాడు. ఒక ఆదివారం బావ గంగాళం ఎత్తితే కారు పైకప్పులో ఇంటి దూలాలు కనబడ్డాయి, వాటి కింద మా ముగ్గురి మొహాలూ కనబడ్డాయి. అక్కయ్య అందులోనే చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

పక్కన ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు ఒకడుంటే బావుంటుందని బావ నన్నూ తీసుకెళ్ళాడు. పెద్దాయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. బావ కారుని ఆయన ఒళ్ళో పెట్టి, చెయ్యి పట్టుకుని ఎడమవైపు వెనక తలుపు మీద ఉంచి, చూడండి బాబుగారూ అన్నాడు. పెద్దాయన బొటనవేలు ఆ తలుపు మీద చాలాసేపు తిరిగింది. బావ ఆయన మొహమే చూస్తున్నాడు. నేను పెద్దాయన వేళ్ళు చూశాను. కొసలన్నీ బొబ్బలు కట్టి మానిన మచ్చలు.

"ఏంట్రా ఇది? చెక్కా, రేకా?" అన్నాడు పెద్దాయన.

ఆయన కోడలు కాఫీ తెస్తూ విని, గ్లాసు కాలుతున్నా మామయ్యగారికి తెలీదండీ, షుగరుతో వేళ్ళకి స్పర్శ పోయి చాలా కాలమైంది అంది, ఎవరికో వాతావరణం చెప్పినట్టు. బావ వంగి ఉన్నవాడు అలాగే ఉండిపోయాడు. పెద్దాయన మాత్రం మంచి మనసుతోనే, బాగా చేశావులే అని కారుని అటూ ఇటూ తడిమి, "ఆ తలుపు సంగతి నాకు ముందే చెప్పి ఉంటే నిన్నేమనేవాణ్ణిరా" అన్నాడు.

బావ బొమ్మని అక్కడే వదిలేసి, చెప్పులేసుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత ఏ బండీ నడపలేదు, రంగు డబ్బా ముట్టుకోలేదు. పెద్దాయన పోయాడు. పోయేముందు ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని అక్కయ్య ఆశ పడింది గానీ, తీసుకోవడానికి అది తప్పని ఆయనకి తెలియనే లేదు. బావ బుట్టల్లో గడ్డి పరుస్తూనే ముసలివాడై, ఒక వేసవిలో వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేనెక్కడికి వెళ్ళాలన్నా ఫోన్లో నొక్కితే కారొస్తుంది, దిగగానే డ్రైవరుకి నక్షత్రాలు ఇవ్వమని అదే ఫోను అడుగుతుంది. ఆ అబ్బాయి ఎవరో, ఎలాంటివాడో, దారిలో కునికిపాట్లు పడ్డ నాకేం తెలుసు? గేటు తీసుకుంటూ అయిదూ నొక్కేస్తాను. పేరైనా చదవకుండా రోజూ ఎవరెవరికో ఇచ్చేసే ఆ మంచిమాట, ఆ కాలంలో ఒక్క నోట్లోనే ఉండేది, మా బావకి దొరకలేదు.