గోలెంలో పెంచిన కప్ప

"గాజుపెట్టె లేకుండా కప్పనెట్ల పెంచినవ్ నానమ్మా?" అని అడిగావు కదా బిడ్డా. నా పదేళ్లప్పుడు, మోతె ఊళ్లో, పగిలిన నీళ్ల గోలెంలో చెరువుమట్టి పోసి, నాచు పరిచి, తుంగ నాటి, కప్పను వదిలాను. మా ఊరి పటేలు చూసి, "కప్పకు దొరల గడీ కట్టినవా, పిచ్చిపిల్లా!" అని నవ్వాడు.

ఆ ఏడు వానల్లేవు. వాన కోసం కప్పను రోకలికి కట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయిస్తారు. పటేలు నా కప్పనే పట్టించాడు. కరువులోనూ పేదోళ్లు చెంబెడు పోశారు. నిండుబావి ఉన్న ఆ పెద్దమనిషి మాత్రం నాలుగు చుక్కలు చల్లి, "చాలు, పోండ్రి" అన్నాడు.

అప్పటికే కప్ప ఎండకు వాలిపోయింది. కట్టు విప్పి, అతని పశువుల తొట్టిలో వేశాను. కదల్లేదు. వెంటున్న మా నాయన నా నోరు మూసేలోపే పటేలును అడిగేశాను. పటేలు తలుపేసుకున్నాడు. నేనడిగింది ఇంతే:

"బావి నిండ నీళ్లు పెట్టుకొని, వాన కోసమని నా కప్పనెందుకు సంపిన్రు?"