బాంబుల ఏరియా చూపించు

మా తోడల్లుడు లండన్‌లోని వెంబ్లీ నుంచి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, బ్యాంక్ హాలిడే లాంగ్ వీకెండ్‌కి నేనూ మీ వదినా వస్తున్నాం. బాత్ చూశాం, యార్క్ చూశాం, ఎడిన్‌బరో రెండుసార్లు చూశాం. ఇక మీ బెల్‌ఫాస్టే మిగిలింది," అన్నాడు.

"రాండన్నా. కోట ఉండాది, సిటీ హాలు ఉండాది. కార్లో సముద్రం పక్కకు పోదాం," అన్నాను.

"కోటలెన్ని చూళ్ళేదోయ్! అక్కడ బాంబుల ఏరియా ఉందంటగా. గోడల మీద ముసుగులేసుకుని తుపాకులు పట్టుకున్నోళ్ళ బొమ్మలు. అది చూపించు. నీకంటే బాగా చూపించేవాడెవడు? సీమోడివి!" అని పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు అప్పటికే అలవాటైపోయింది. మాది కర్నూలు జిల్లా. మా ఆవిడ వాళ్ళది గుంటూరు. పెళ్ళిలో విడిదింటి దగ్గర మా సూట్‌కేసులు దించుతుంటే, "జాగ్రత్తరోయ్, పేల్తాయేమో!" అన్నారు. ఆ తర్వాత మా ప్రాంతం మీద వరసబెట్టి సినిమాలొచ్చాయి. తెల్లచొక్కాలు, దుమ్ము రేపుకుంటూ సుమోలు, కొడవళ్ళు, తొడ కొట్టడాలు. ఇక అత్తవారింటికి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా ముందు తొడ కొట్టేవారు. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో మొదటి ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆఫీసులో ఉన్న తెలుగు కుర్రాళ్ళూ అంతే. మీటింగ్‌కి లేటైతే, "సుమోలు అడ్డొచ్చాయా?" అనేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా మేనమామను చంపేశారు. ఆయన ఏ పార్టీవాడూ కాదు. కర్నూలు నుంచి వస్తూ, బస్సు రాకపోతే తెలిసినాయన జీపు ఆపి ఎక్కాడు. బాంబులు ఆ జీపు ఓనరు కోసం వేశారు. ఓనరు బతికాడు. వెనక సీట్లో కూర్చున్న మా మామ చచ్చిపోయాడు. నా పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మా అమ్మ దాన్ని జీపు యాక్సిడెంట్ అని చెప్పింది. గొడవల ఇల్లు అనుకుని వెనక్కి పోతారని ఆమె భయం. మా ఆవిడకు తర్వాత నేనే చెప్పాను. ఆమె పుట్టింట్లో ఎవరికీ చెప్పలేదు.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు ఉద్యోగం మారి వచ్చినప్పుడు, అంతకు ముందున్న ఏ ఊళ్ళోనూ లేని నిమ్మళం నాకు అక్కడ దొరికింది. ఆ ఊళ్ళో కూడా కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అని రెండు వర్గాలవాళ్ళు ముప్పై ఏళ్ళు చంపుకున్నారు. నేను వెళ్ళేసరికి శాంతి ఒప్పందం అయిపోయింది. కానీ ఆఫీసులో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. నా పక్క డెస్కులో ఉండే ఆమె ఒకసారి టీ తాగుతూ, తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న షాపు తగలబెట్టారని చెప్పింది. చెప్పి, కప్పు కిందపెట్టి, కీబోర్డు వైపు తిరిగింది. నేను ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగకూడదో మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అమ్మ కూడా మామ గురించి ఒక మాట అని, వెంటనే బియ్యం చెరగడం మొదలుపెట్టేది.

అందుకే అక్కడున్న ఆ నాలుగేళ్ళలో నేను ఆ గోడల వైపు చూడ్డానికని ఎప్పుడూ వెళ్ళలేదు.

మా తోడల్లుడు చెడ్డవాడని అనుకోకండి. మేం ఇండియా నుంచి దిగినప్పుడు ఫ్లాటు దొరికేదాకా వాళ్ళ ఇంట్లోనే ఉన్నాం. మా ఆవిడకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. ఇప్పుడు బెల్‌ఫాస్ట్ వచ్చేటప్పుడు కూడా వెంబ్లీ నుంచి మామిడికాయలు, కరివేపాకు, పెద్ద డబ్బా నిండా వదిన చేసిన సున్నుండలు మోసుకొచ్చాడు. దాంతో, మాట్లాడాల్సిన చోట నా నోరు మూతపడిపోయింది.

మర్నాడు పొద్దున ఆయనే ట్యాక్సీ మాట్లాడాడు. ఆ ఊళ్ళో నల్ల ట్యాక్సీలవాళ్ళు టూరిస్టులను ఎక్కించుకుని ఆ వీధులన్నీ తిప్పి కథ చెబుతారు. మా డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. నెరిసిన మీసం, లావుపాటి చేతులు. మా తోడల్లుణ్ణి చూడగానే, "ఎక్కు బిగ్ మ్యాన్!" అన్నాడు. బండి కదిలాక వెనక్కి తిరిగి, "నేను ఏ వర్గంవాణ్ణో చెప్పను. చివర్లో మీరే ఊహించాలి," అన్నాడు.

మా తోడల్లుడికి అది తెగ నచ్చింది. "పందెం! నేను కాథలిక్ అంటాను. నువ్వేమంటావ్ తమ్ముడూ?"

"నాకు తెలీదన్నా."

"నీకు తెలీకపోవడమేంటోయ్! మీకు మొహం చూస్తే తెలిసిపోద్ది కదా, మనోడా అవతలోడా అని."

వదిన నవ్వింది. మా ఆవిడ నా వైపు చూసి కిటికీ వైపు తిరిగింది.

మొదటి వీధిలో ఒక ఇంటి పక్కగోడ మొత్తం బొమ్మే. ముసుగులు వేసుకున్న ఇద్దరు, చేతుల్లో తుపాకులు. డ్రైవరు దిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు ఎవర్ని చంపారు, దానికి బదులు ఎవర్ని చంపారు, ఏ పబ్బులో, ఏ చేపల కొట్లో. అవే మాటలు వందలసార్లు చెప్పినవాడి గొంతు. ఎక్కడ ఆగితే వినేవాళ్ళు 'అయ్యో' అంటారో అక్కడ ఆగుతున్నాడు. నాకు ఒళ్ళు మండడం అక్కడే మొదలైంది.

మా తోడల్లుడు కెమెరా డ్రైవరు చేతికిచ్చి, ఆ ముసుగు మనుషుల పక్కన నిలబడ్డాడు. రెండు వేళ్ళు తుపాకీలా పెట్టి, ఒక కన్ను మూశాడు. తర్వాత వదినను పక్కన నిలబెట్టుకున్నాడు. తర్వాత ఒంటరిగా, మోకాలు ముందుకు వంచి, తొడ మీద చరిచాడు.

"తమ్ముడూ, రా! ఒరిజినల్ నువ్వే కదా!"

ఆ బొమ్మ ఉన్నది ఖాళీ గోడ కాదు. అది ఎవరిదో ఇల్లు. ఒకావిడ రెండు చేతుల్లో షాపింగ్ బ్యాగులతో వచ్చి, ఫొటోకు అడ్డం రాకూడదని పేవ్‌మెంట్ చివర ఆగింది. మా అత్తగారి వయసుంటుంది. బ్యాగు పిడులు వేళ్ళలోకి దిగబడి ఎర్రబడ్డాయి. ఆవిడ తన ఇంటి తలుపు దగ్గరికి పోవాలంటే మా తోడల్లుణ్ణి దాటే పోవాలి.

"వన్ మోర్, వన్ మోర్, సారీ!" అన్నాడాయన ఆవిడతో, నవ్వుతూ.

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. ఇంకో గుంపు వచ్చింది, పోతుంది, అంతే. నేను ఆ ఊళ్ళో ఇంటి పన్ను కడుతున్నాను, ఆవిడ బ్యాగుల మీద పేరున్న దుకాణంలోనే పాలు కొంటున్నాను. అది చెప్పే వీలు ఎక్కడుంది? నా పక్కనున్న మనిషి తొడ చరుస్తున్నాడు.

"అన్నా, పక్కకు రా. ఆమె ఇంట్లోకి పోవల్ల," అన్నాను.

"ఒక్క నిమిషంలేవోయ్."

"ఇప్పుడే రా."

నా గొంతుకు ఆయన కొంచెం తెల్లబోయి పక్కకు జరిగాడు. నేను బ్యాగులు అందుకోబోతే ఆవిడ తల అడ్డంగా ఊపి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత గోడ. రెండు వర్గాల ఇళ్ళ మధ్య కట్టిన ఎత్తైన గోడ, దానిపైన రేకులు, ఆపైన ఇనుప వల. టూరిస్టులు దాని మీద పేర్లు రాస్తారు. డ్రైవరు మా అందరికీ తలా ఒక మార్కరు ఇచ్చాడు. వదిన శాంతి కావాలని ఇంగ్లీషులో రాసింది. మా తోడల్లుడు తన పేరు, వదిన పేరు, ఊరి పేరు తెలుగులో పెద్దగా రాసి, కింద ఒక బాంబు బొమ్మ వేశాడు. ఒత్తి అంటుకుని నిప్పురవ్వలు లేస్తున్నట్టు. దాని పక్కన 'సీమ అల్లుడు' అని రాసి నన్ను పిలిచాడు.

"చూడు, నీకోసం! ఇక్కడ తెలుగోళ్ళెవరొచ్చినా నవ్వుకుంటారు."

"కొట్టెయ్," అన్నాను.

"ఏంటి?"

"దాన్ని కొట్టెయ్ అంటున్నా."

"సరదాకి కదోయ్, ఎందుకంత..."

నేను మార్కరు తీసుకుని ఆ బొమ్మ కనపడకుండా రుద్దేశాను. అప్పుడు అరిచాను. పన్నెండేళ్ళ పెళ్ళి జీవితంలో అత్తవారి వైపు మనిషి మీద అరవడం అదే మొదలు.

"మా మేనమామ సచ్చిపోయింది యాక్సిడెంట్‌లో కాదన్నా! బాంబులేసి సంపినారు! ఏ పాపమూ తెలీనోడు, బస్సు రాలేదని జీపెక్కినాడు. కన్నతల్లి, మా అవ్వకు మొగం గూడా సూపీలేదు, మూట గట్టి తెచ్చినారు. నువ్వు బొమ్మేసింది దాన్నే. ఇన్నేండ్లు నువ్వు నవ్వింది దానికే!"

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. మా తోడల్లుడి మొహం నిజంగానే పాలిపోయింది. ఆ ఒక్క నిమిషం ఆయన మీద జాలి కూడా కలిగింది.

ఆయన దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అయ్యో... నాకు తెలీదు తమ్ముడూ," అన్నాడు. ఇంకో అడుగు దగ్గరికి వేశాడు. "మరి... ఎవరు చేశారో తెలిసిందా? తర్వాత మీవాళ్ళు వాళ్ళనేం చేశారు?"

ఆ కళ్ళు నేను ఈనాటికీ మర్చిపోలేదు. డ్రైవరు కథ చెబుతున్నప్పుడు మెరిసినట్టే మెరుస్తున్నాయి.

"ఏమీ చేయలేదు," అన్నాను. "మా అవ్వకు ఆస్పత్రిలో మందులిప్పించినాం. మా అత్త కుట్టుమిషను కొనుక్కునింది. అంతే."

"అంటే, ఎవరూ..."

నేను వినలేదు. డ్రైవరు వైపు తిరిగాను. ఆయనకు భాష తెలీకపోయినా గొడవ అర్థమైంది. నా కోపం ఆయన మీద కూడా పడింది. "చచ్చిపోయినవాళ్ళ కథలు ఇలా అమ్ముకోవడానికి మీకు బాధగా లేదా?" అని ఇంగ్లీషులో అడిగేశాను.

అప్పటిదాకా ఉన్న ఆ కథలు చెప్పే గొంతు పోయి, మామూలు గొంతు వచ్చింది. "నేను ఇరవై ఏళ్ళు ఓడలు కట్టే చోట పనిచేశాను. ఆ పని పోయింది. నాకు ఈ బండి ఉంది, ఈ వీధులు ఉన్నాయి. బాధ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు," అన్నాడు. మార్కర్లు అందరి దగ్గరా వసూలు చేసుకుని బండెక్కాడు.

నేను ఎక్కలేదు. మా ఆవిడా నాతోనే ఆగిపోయింది. ఇద్దరం గోడ పక్క నుంచి నడుచుకుంటూ సిటీ సెంటరుకు వచ్చి బస్సు పట్టుకున్నాం. దారంతా ఆమె ఒక్కటే అంది: "మొదటిసారి అన్నప్పుడే చెప్పాల్సింది మీరు. నేనన్నా చెప్పాల్సింది."

సాయంత్రం భోజనాల దగ్గర ఎవరూ ఆ ఊసెత్తలేదు. మా తోడల్లుడు టీవీలో క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. వదిన మాత్రం వంటింట్లోకి వచ్చి, "మరిదిగారూ, పెళ్ళిలో సూట్‌కేసుల మాట మొదట అన్నది నేనే," అని ఏడ్చింది. పర్లేదు వదినా అనడానికి నోరు రాలేదు. మర్నాడు ఎయిర్‌పోర్టులో ఆయన నన్ను కౌగిలించుకుని, "మనసులో పెట్టుకోకు," అన్నాడు. క్షమించమని అనలేదు.

మరుసటి ఏడు ఉగాదికి వెంబ్లీ వెళ్ళాం. తెలుగువాళ్ళ సంబరాలు జరుగుతున్న హాల్లో బాగా జనం. పులిహోర ప్లేటు పట్టుకుని ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మా తోడల్లుడి టీమ్‌లో పని చేస్తాడట.

"అంకుల్, మీ మేనమామను బాంబులేసి చంపారంట కదా. సార్ చెప్పారు. నిజంగా సినిమాలో లాగే ఉంటుందా అండీ?"

హాలు అవతలి వైపు మా తోడల్లుడు ఎవరికో చెయ్యి ఊపుతూ కబుర్లు చెబుతున్నాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళి గల్లా పట్టుకోవచ్చు. లేదా లేచి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ కుర్రాణ్ణి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను.

"చెప్తా, కూర్చో," అన్నాను. "మా మామకు విత్తనాల అంగడి ఉండేది. వేరుశనక్కాయల్ని చేతిలో ఎగరేసి ఏది పుచ్చుదో చెప్పేవాడు. పిల్లలకు లెక్కలు చెప్పడం ఇష్టం, కానీ ఆయనకే భాగహారాలు సరిగ్గా వచ్చేవి కావు. ఈలవేసేవాడు. నాకు సైకిలు ఆయనే నేర్పించినాడు, పడితే లేపకుండా నవ్వేవాడు. మా అత్తకు వంట చేతకాదని పండగనాడు తానే ఓళిగలు, అదే మీ బొబ్బట్లు, చేసేవాడు..."

ఆ కుర్రాడు మొదట తల ఊపాడు. తర్వాత ప్లేటు వైపు చూశాడు. తర్వాత స్నేహితులెవరైనా కనబడతారేమోనని నా భుజం మీదుగా వెతకసాగాడు.

"ఇంకా ఉండాది, ఉండు," అన్నాను. ఈసారి నేను ఆపదలచుకోలేదు.