కర్రతో కొట్టి చూసిన ఊళ్లు

మా పెద్దబాపు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు చేతికర్రతో పైకప్పును కొట్టి వినేవాడు. మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అది నమస్కారం లాంటిది. కప్పు ఖంగుమంటే కింద నిలబడొచ్చు, డొల్లగా పలికితే బయటికి పరుగెత్తాలి.

రిటైరయ్యాక, ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి ఉంది, దుమ్ములేని చల్లని చోట ఉండమన్నాడు డాక్టరు. పెద్దబాపు ఏకంగా హిమాచల్ అన్నాడు. హిందీ వచ్చని నన్ను వెంటబెట్టుకుపోయాడు.

మూడు ఊళ్లు తిరిగాం. గాలి అద్భుతం. కాకపోతే ప్రతి అద్దె గదీ వంద మెట్ల పైన ఉండేది. ఇరవయ్యో మెట్టు మీద ఆయన కూలబడేవాడు. నేను పైకి పోయి, కర్రతో కప్పు కొట్టి ఫోన్‌లో వినిపించేవాణ్ణి.

"కప్పు మంచిగనే ఉన్నది. నేనెట్ల ఎక్కాలెరా గంత మీదికి?"

"మెల్లగ ఎక్కు పెద్దబాపు. దసరా కల్ల చేరుకుంటవు."

"నీ నోట్ల మన్నువడ," అని నవ్వబోయి దగ్గాడు.

నాలుగో ఊళ్లో మెట్లు లేని గది ఒక్కటే దొరికింది, బస్టాండు వెనక. పెద్దబాపు కప్పు కొట్టి, విని, తలూపాడు.

"గిదే తీస్కుందాం."

"మరి బస్సుల పొగ?"

"బాయి కన్న నయమే కదరా."

ఆయన్ని అక్కడ ఉంచి నేను ఇంటికొచ్చాను. చలికాలంలో ఫోన్ చేసి, ఊపిరి ఎట్లుందని అడిగాను. "ఊపిరి... మస్తున్నది," అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఒక బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని, వెళ్లిపోవడం నాకు వినిపించింది.