సన్యాసమ్మ పట్టిన ‘ఆప్’

టాటానగర్ పర్సుడీహ్‌లో మా పక్కింటి సన్యాసమ్మ 1979లో, అదే ఊళ్ళో మాంగో అనే పేటలో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆయాగా చేరింది. అంతకుముందు ఆరేళ్ళు కాంట్రాక్టరు దగ్గర ఇటుకల తట్ట మోసింది. నెల రోజులు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మూడో వారంలోనే మొహం ముడుచుకుని మా ఇంటికొచ్చింది.

“పెద్ద నర్సమ్మ శనివారం దాకా గడువిచ్చిందమ్మా. రోగులందరినీ ‘తూ’ అంతన్నానట. మర్యాద నేర్సుకోకపోతే రావద్దంది. మాయమ్మని నువ్వంతాను, మాయత్తని నువ్వంతాను, నూకాలమ్మ తల్లికి మొక్కినా నువ్వే అంతాను. ఇందులో తప్పేటి?”

తప్పేమీ లేదు. మా శ్రీకాకుళం వైపు ‘నువ్వు’ అంటే చనువే గానీ చిన్నచూపు కాదు. హిందీలో అలా కుదరదు. పసిపిల్లల్నీ, దేవుణ్ణీ, పనివాళ్ళనీ ‘తూ’ అంటారు, పెద్దవాళ్ళని ‘ఆప్’ అనాలి. ఇటుకల దగ్గర ఎవరికీ ఏ మర్యాదా లేదు కనక ఈ సంగతి ఆరేళ్ళుగా ఆమెకి తెలియలేదు. ఆ నర్సమ్మ మీద నాకు ఒళ్ళు మండింది. “కూర్చో, నేను నేర్పుతాను” అన్నాను.

“నేర్పమ్మా. సచ్చినా ఆ తట్ట మళ్ళీ నెత్తినెట్టుకోను” అంది.

పట్టుదలంటే ఆమెదే. ఆ పూట నుంచి కనబడిన ప్రతివాణ్ణీ ఆప్ అంది. బస్సు కండక్టరుని ఆప్ అంది, కూరలవాణ్ణీ ఆప్ అంది. కుళాయి దగ్గర తన బిందె పక్కకి నెట్టినావిడతో అరగంట పోట్లాడింది, అదీ ఆప్ అంటూనే. చూస్తున్నవాళ్ళం కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె మొగుడు జగ్గారావు టాటానగర్ స్టేషన్లో కలాసీ. “నన్ను కూడా ఆప్ అంతావేటే?” అని ఆటపట్టించాడు.

“నువ్వు మంచం పట్టినప్పుడు అంతాన్లే” అంది.

శనివారం సాయంత్రం తిన్నగా మా ఇంటికే వచ్చింది. పెద్ద నర్సు పొద్దున్నుంచీ వెనకే తిరుగుతూ విన్నదట. ‘ఆప్ బైఠియే’ అని కూర్చోబెడుతూ, ‘ఆప్ దవా లీజియే’ అని మందిస్తూ ఈవిడ ఎక్కడా తడబడలేదట. ఆఖరికి పెద్ద నర్సు, “ఠీక్ హై, తూ సోమ్‌వార్ సే పర్మినెంట్” అని సోమవారం నుంచి పని ఖాయం చేసిందట.

దండం పెట్టి వచ్చేయొచ్చు కదా? ఈవిడ కదల్లేదు.

“‘దీదీ, ఒయసులో నేను పెద్దదాన్ని. నేను ఆప్ అంతన్నాను, నన్నేమో తూ అంతన్నారు. మా ఊళ్ళో నువ్వంటే రెండేపులా నువ్వే. ఇక్కడ మర్యాద ఒక్కేపేనా?’ అని అడిగీసినానమ్మా.”

నాకు భయం వేసింది. చేతికొచ్చిన పని నోరు పట్టలేక పోగొట్టుకుందనుకున్నాను. “ఏమంది?” అన్నాను.

“మొగం ఎర్రగా సేసుకుంది. మరి ‘తుమ్ జావ్, సోమవారం టైముకి ఆవ్’ అంది. తుమ్ అంటే ఏటమ్మా?”

తూకీ ఆప్‌కీ మధ్యన తుమ్ అని ఇంకో మాట ఉందని, సాటివాళ్ళని అలా అంటారని చెప్పాను. సన్యాసమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

“ఐతే సగం దారి దిగొచ్చిందన్నమాట. ఉండమ్మా, మిగతా సగం కూడా దింపుతాను” అంది.